వెనక నుంచి పిలిచే పని

మా కోనసీమలో గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవరు. గొడుగు మర్చిపోయినా, కళ్ళజోడు మర్చిపోయినా నోరు మూసుకుని ఊరుకోవాల్సిందే. ఎవరైనా నోరు జారి పిలిచారా, వెళ్ళేవాడు వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. లేకపోతే వెళ్ళిన పని కాదంటారు. మా నాన్నకి ఈ చాదస్తం మరీ ఎక్కువ. ఒకసారి అమ్మ పిలిచిందని వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి, తీరా రేవుకి వెళ్ళేసరికి గోదావరి దాటించే పంటు వెళ్ళిపోయింది. పని చెడింది కదా, చూశావా నువ్వు పిలవబట్టే అని ఆ నింద కూడా అమ్మ మీదే వేశాడు.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను కువైట్‌లో కొంతకాలం చేసిన పనేమిటంటే, జనాన్ని వెనక నుంచి పిలవడం. నవ్వితే నవ్వండి. ఐస్ హాకీ ఆటలో గోల్‌కీపర్‌గా నిలబడ్డాను.

ఎడారిలో మంచేమిటని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఊళ్ళో ఉన్నప్పుడు నేను రొయ్యలకీ చేపలకీ ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో కంప్రెసర్ దగ్గర పనిచేసేవాణ్ణి. ఆ అనుభవం చూసే ఏజెంటు నన్ను ఈ వీసా మీద పంపించాడు. ఒక మాల్ వెనకాల చిన్న రింకు, అంటే మంచు పరిచిన ఆటస్థలం; ఆ మంచు కరక్కుండా చూసే యంత్రాల దగ్గర నా పని. బయట చెప్పులు అంటుకుపోయే ఎండ, లోపల చొక్కా మీద చొక్కా తొడుక్కునే చలి. అక్కడ ఐసు దిమ్మలుగా వచ్చేది, ఇక్కడ నేల మీద పరిచి ఉంది, అంతే తేడా అనుకున్నాను. ఫ్యాక్టరీలో దిమ్మని జారుడుబల్ల మీద కిందికి వదిలే ముందు ఒక కేక వేసేవాళ్ళం. కింద నిలబడ్డవాడికి అది వినబడకపోతే కాలు విరిగేది. మోటారు చప్పుడు మించి నా కేక రోడ్డు మీదికి వినబడేదని అందరూ వేళాకోళం చేసేవారు. కువైట్ వచ్చాక ఆ గొంతు ఏమైపోయిందో నాకే తెలీదు. ఏమన్నా 'సరే బాబా', ఏమనకపోయినా 'సరే బాబా'.

బాబా అంటే మా కఫీల్. మా వీసాకి యజమాని. ఆయన సంతకం పెట్టందే మేం ఇంకో ఉద్యోగానికి మారడానికి వీల్లేదు. రింకులో యంత్రాల కాంట్రాక్టు ఆయనది. నలభై దాటిన మనిషి, కెనడాలో చదువుకుని అక్కడే ఈ హాకీ పిచ్చి తగిలించుకొచ్చాడు. చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, చెయ్యెత్తలేదు, పండక్కి మాంసం పంపేవాడు. అదే నాకు ఒళ్ళుమండే విషయం. నోరారా తిట్టుకుందామన్నా సరైన కారణం దొరకనిచ్చేవాడు కాదు.

నా భార్య కూడా అదే దేశంలో ఉండేది. అర్దియాలో ఒక విల్లాలో ఇంటిపని. నేను మంగఫ్‌లో మగాళ్ళ గదిలో, పై మంచం మీద. మొగుడూ పెళ్ళాలం ఇద్దరం ఒకే దేశానికి వచ్చామని ఊళ్ళో అందరూ మమ్మల్ని చూసి కుళ్ళుకునేవారు. వాళ్ళకేం తెలుసు. శుక్రవారం భోజనాలయ్యాక ఆ ఇంటి మామా, అంటే ఇంటావిడ, కునుకు తీసేదాకా ఆగి, వెనక గేటు దగ్గర కాసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. అంతే మా కాపురం. మామా లేచి పిలిస్తే ఖలాస్, ఎక్కడి మాట అక్కడే తెంపుకుని ఆవిడ లోపలికి, నేను బస్సు స్టాపుకి.

ఈ పిలుపు చాదస్తంలో మా ఆవిడ మా నాన్నని మించిపోయింది. నేను గేటు వదిలి నాలుగడుగులు వేశాక ఏం గుర్తొచ్చినా సరే, పిలిచేది కాదు. ఒకసారి ఊరి నుంచి ఎవరో తెచ్చిన మాగాయ నా కోసం సీసాలో కట్టి పెట్టి, ఇవ్వడం మర్చిపోయింది. నేను బస్సు కోసం రోడ్డవతల నిలబడి ఉంటే గేటు సందులోంచి చూస్తూనే ఉందట. పై శుక్రవారం ఇచ్చింది. అదేంటే పిలవచ్చు కదా అన్నాను. వెళ్ళే మనిషిని ఎలా పిలుస్తానండీ అంది.

ఆ ఏడాది షుఐబాలో ఒక కంపెనీ వాళ్ళకి కంప్రెసర్లు తెలిసిన మనిషి కావలసి వచ్చింది. వెళ్ళి కలిశాను. పని చూపించాను. తీసుకుంటామన్నారు. ఆ ఉద్యోగంలో విడిగా ఒక గది ఇస్తారు, వచ్చే జీతానికి భార్యని నా వీసా మీదికి మార్చుకోవచ్చు. గేటు దగ్గర ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. ఆ గదికి కిటికీ ఉంటుందాండీ అని అడిగింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఆ గది గురించే. పొయ్యి ఎటు పెట్టాలి, బట్టలు ఎక్కడ ఆరెయ్యాలి, తులసి కుండీ ఏసీ గాలికి బతుకుతుందా. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఇక మిగిలింది బాబా సంతకం ఒక్కటే. భయపడుతూ భయపడుతూ అడిగాను. ఆయన నవ్వి, హాకీ సీజన్ అయ్యాక చూద్దాం, ఇన్షా అల్లా అన్నాడు. కంపెనీ వాళ్ళు అప్పటిదాకా ఆగుతామన్నారు.

సరిగ్గా అప్పుడే బాబా ఆడే టీము గోల్‌కీపర్ మోకాలు పాడైంది. ఆయన కెనడా మనిషి, చమురు కంపెనీలో ఇంజనీరు. గోల్లో నిలబడటానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. రాయిలాంటి నల్లటి రబ్బరు బిళ్ళ మీదికి దూసుకొస్తుంటే ఎదురు నిలబడే పని మరి. మంచు మీద పడిపోయిన పిల్లల్ని లేవదీసే పని కూడా మాదే కాబట్టి నాకు స్కేట్ల మీద నిలబడటం వచ్చు. బాబా చూపు నా మీద పడింది. నువ్వు వేసుకో అన్నాడు. కాళ్ళకి పరుపులు, ఒంటికి పరుపులు, మొహానికి ఇనుప ఊచల ముసుగు. సంతకం పెట్టాల్సిన మనిషి వేసుకోమంటే వేసుకోనని ఎలా అంటాను?

ఆ కెనడా ఆయన కర్ర ఊతంతో గోడ అవతల నిలబడి నాకు పని నేర్పాడు. బిళ్ళని ఆపడం సగం పనేనట. మిగతా సగం నోరట. మైదానం మొత్తం కనబడేది గోల్‌కీపర్ ఒక్కడికే. మనవాడు బిళ్ళ కోసం మూలకి పరిగెత్తినప్పుడు గోడకేసి చూస్తుంటాడు, వాడి వెనక ఎవడొస్తున్నాడో వాడికి తెలీదు. మీదికి మనిషి వస్తుంటే 'మ్యాన్' అని అరవాలి. ఎవరూ లేకపోతే 'టైమ్' అనాలి, అప్పుడు వాడు నిదానంగా తీసుకుంటాడు. మనవాళ్ళే నా ముందు అడ్డం నిలబడి బిళ్ళ కనబడకపోతే తప్పుకోమని అరవాలి. తప్పు చేసి బెంచీ మీద కూర్చున్న అవతలివాడు మళ్ళీ ఆటలోకి వచ్చే వేళ అయితే కర్రతో మంచు మీద టపటపా కొట్టాలి, అది మనవాళ్ళకి గుర్తు. దేనికైనా ఒక్క మాటే వాడాలి, రెండో మాటకి టైముండదు అన్నాడు.

తల ఊపాను. మర్నాడు ఆటలోకి దిగితే నా నోట్లోంచి వచ్చిన మాట, 'మ్యాన్ అండీ.' గోదావరి నీళ్ళు తాగినవాణ్ణి, అండీ లేకుండా పెద్దవాళ్ళని పిలవడం నాకు చేతకాదు. అది కూడా నా పక్కవాడికే వినబడనంత మెల్లగా. కెనడా ఆయన ఆ చివరి మాటేమిటని అడిగాడు. మర్యాద అని చెప్పాను. ఆయన పాపం కోప్పడలేదు. నీ మర్యాద అక్కడికి చేరేలోపు వాడి దవడ పగులుతుంది అన్నాడు.

మిగతావాళ్ళతో మెల్లమెల్లగా నోరు విప్పాను. టీములో ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్ళు, మిగతా అంతా కువైటీలు, అందరూ నాకు సార్లే. అయినా ముసుగు లోపల నా మొహం ఎవరికీ కనబడదు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. ఎటొచ్చీ బాబా దగ్గరే గొంతు పెగిలేది కాదు. ఆయన ఆడేది డిఫెన్సులో, నాకు సరిగ్గా ముందు. ఎప్పుడు చూసినా ఆయన వీపే నా ఎదుట. నా కాగితం మీద సంతకం పెట్టాల్సిన చెయ్యి ఆ వీపుకే అతుక్కుని ఉంది. ఒకసారి నేను నోరు తెరవలేదు. వెనక నుంచి ఎవరో గుద్దితే ఆయన పెదవి చిట్లింది. నీకు నోరు లేదా అని అందరి ముందూ అరిచాడు. సరే కదా అని ఆ తర్వాత ఆటలో గట్టిగా 'మ్యాన్' అని కేకవేశాను. ఆ రోజు ఆయన బంధువులెవరో చూడటానికి వచ్చి కూర్చున్నారు. పనివాడు తన మీద కేకలేయడం వాళ్ళు విన్నారని కాబోలు, ఆట అయ్యేదాకా నా వైపు చూడలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

రింకులో మెట్లు తుడిచే కడప మనిషి ఒకడుండేవాడు. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అన్నా అనేవాడు. అతనితో మొరపెట్టుకుంటే, గమ్మున ఉండన్నా, కాయితం చేతికొచ్చేదాకా నీకు నోరే లేదనుకో అన్నాడు. మా ఆవిణ్ణి అడిగితే ఇంకో రకంగా చెప్పింది. అసలు మనుషుల్ని వెనక నుంచి పిలిచే ఆటేమిటండీ, అందుకే మన పని ముందుకి సాగట్లేదేమో అంది. ఆ వారమంతా నాకు ఆ మాటే చెవిలో తిరిగింది. అలాంటివి నేను నమ్మనని అందరికీ చెప్పేవాణ్ణి. నమ్ముతాను.

సీజన్ చివరి ఆట శుక్రవారం పొద్దున పెట్టారు. షుఐబా కంపెనీ వాళ్ళిచ్చిన, బాబా సంతకం పెట్టాల్సిన కాగితం నా సంచీలో, బట్టల కింద, మడత నలగకుండా అట్టల మధ్య పెట్టుకుని వచ్చాను. ఇక ఈ ఒక్క పూటా గడిస్తే చాలు. బాబాకి కోపం రాకుండా, నా నోరు జారకుండా ఈ పూట గడిపించు స్వామీ అని దణ్ణం పెట్టుకుని ముసుగు తగిలించాను.

ఆట ముగియడానికి కొంచెం ముందు బిళ్ళ నా గోలు పక్కనుంచి వెనక గోడకి పోయింది. బాబా దాని వెంటపడ్డాడు. గోడ దగ్గరికి వెళ్ళి, వంగి, తల దించి, కాళ్ళ మధ్య చిక్కుకున్న బిళ్ళని కర్రతో లాక్కుంటున్నాడు. అవతలి టీములో ఒక భారీ మనిషి ఆయన మీదికే వస్తున్నాడు. కావాలని కాదు. స్కేటు పట్టు తప్పింది, ఆగలేకపోతున్నాడు, వాడి మొహంలో భయం నాకు కనబడుతోంది. బాబాకి ఏదీ కనబడటం లేదు. తల గోడకి జానెడు దూరంలో ఉంది. అలా వంగి ఉన్నవాణ్ణి వెనక నుంచి గుద్దితే మెడ విరుగుతుందని కెనడా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

నా గొంతులోంచి ఏం వస్తోందో నాకు తెలీదు. 'మ్యాన్' రాలేదు, అండీ రాలేదు, బాబా కూడా రాలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ వదిలేటప్పుడు వేసే కేక వచ్చింది.

"ఒరేయ్, తప్పుకో!"

హాలు హాలంతా మారుమోగింది. బాబా తెలుగు రాని మనిషి, ఆ కేకకి మాత్రం పాము మీద కాలేసినవాడిలా పక్కకి గెంతాడు. గోడకి ఒళ్ళు ఆనించేశాడు. ఆ భారీ మనిషి బాబా భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి గోడకి గుద్దుకుని పడ్డాడు. అతనికి మణికట్టు విరిగింది. బాబాకి గీత కూడా పడలేదు. మెట్ల మీద చీపురు పట్టుకుని నిలబడ్డ కడప మనిషి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు.

"ఏందన్నా, బాబానే ఒరేయ్ అంటివే. ఇంగ నీ కాయితం గోవిందా."

అందరూ స్కేట్లు విప్పే గదిలో బాబా నన్ను పిలిచాడు. చచ్చాన్రా అనుకుని వెళ్ళాను. అందరూ చూస్తుండగా కావలించుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. వీడు లేకపోతే ఈపాటికి నేను ఆసుపత్రిలో ఉండేవాణ్ణని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. సరే, ఇదే సమయమని సంచీలోంచి కాగితం తీసిచ్చాను. చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. కబురు పెడతానన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ గేటు ఊచలు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను పెళ్ళిలో చూశాను, మళ్ళీ ఆ రోజే చూశాను. తులసి విత్తనాలు పంపమని ఊళ్ళో వాళ్ళమ్మకి ఫోను చేయిస్తానంది.

ఆ వారంలోనే బాబా కబురు పెట్టాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. వాళ్ళింట్లో మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. టీ ఇప్పించాడు. పనివాణ్ణి అక్కడ కూర్చోబెట్టడం నేను అంతకుముందు చూడలేదు. ఒక సంచీ నా ఒళ్ళో పెట్టాడు. అందులో కొత్త ముసుగు, గోల్‌కీపర్ వేసుకునేది, కెనడా నుంచి ప్రత్యేకం తెప్పించాడట. కాగితం కూడా ఇందులోనే ఉంటుందని వెతికాను. సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికాను. లేదు. అప్పుడు నోరు తెరిచి అడిగాను. ఆయన చాలా ప్రేమగా చెప్పాడు. అరబ్బీ, ఇంగ్లీషూ కలిపి, నాకు బాగా అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు.

"నువ్వు వెళ్ళిపోతే నా వెనక ఎవరు చూస్తారు? ఆ మాట ఇంక మర్చిపో. ఖలాస్."

భార్య సంగతి చెప్పాను. ఆమె బాగానే ఉంది కదా, మంచి ఇల్లే కదా అన్నాడు. కంపెనీ వాళ్ళు ఆగరని చెప్పాను. నా జీతం పెంచుతానన్నాడు. ఏం చెప్పినా నవ్వుతూ నా భుజం తట్టాడు. కోప్పడితే కాళ్ళు పట్టుకునేవాణ్ణి, తిడితే ఏడ్చేవాణ్ణి. భుజం తడుతుంటే ఏం చెయ్యను? షుక్రాన్ బాబా అని వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పి లేచాను. షుఐబా కంపెనీ వాళ్ళు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

శుక్రవారం అర్దియా వెళ్ళాను. ముసుగు సంచీ గదిలో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని చేత్తో పట్టుకునే వెళ్ళాను. మా ఆవిడ గేటు దగ్గర ముందే వచ్చి నిలబడింది. సంచీ చూసి, ఏం తెచ్చారండీ అంది, తనకేదో కొన్నాననుకుని. తీసి చూపించాను. చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ ఆ ముసుగు చేతుల్లోకి తీసుకుని, ఊచల మధ్య వేళ్ళు పెట్టి చూసింది. మీరు అరవకపోతే ఏమయ్యేదండీ అని అడిగింది. మెడ విరిగేది అన్నాను. అయితే మంచి పనే చేశారులెండి అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. బాబా మీద రావలసిన కోపమంతా ఆవిడ మీద వచ్చింది. ఏం మంచి, ఎవరికి మంచి, ఆ మెడ విరిగితే మనకెందుకు, నీ కిటికీ, నీ పొయ్యి, నీ తులసి కుండీ, అన్నీ నా నోటితో నేనే పోగొట్టుకున్నాను కదా అని గేటు దగ్గర నిలబడి నానా మాటలూ అన్నాను. ఆవిడ ముసుగు మళ్ళీ సంచీలో పెట్టి, మూతి ముడేసి నాకిచ్చింది. లోపల మామా లేచినట్టుంది, పిలుపు వినబడింది. మామూలుగా అయితే ఆ పిలుపు వినగానే మా ఆవిడ పరుగు. నేను తిరిగి నడిచాను. రోడ్డు మలుపులో మా బస్సు కనబడుతోంది.

"ఏవండీ."

ఆగిపోయాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నన్ను వెనక నుంచి పిలవడం అదే మొదలు. సంచీ మర్చిపోయానేమోనని చేతికేసి చూసుకున్నాను. చేతిలోనే ఉంది. వెనక్కి వచ్చాను. ఏంటే, ఏమైంది అన్నాను. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"వెనక పిలిచాను కదండీ. ఇప్పుడు కూర్చుని, మంచినీళ్ళు తాగి గానీ వెళ్ళకూడదు."

గేటు తీసింది. ఎప్పుడూ తీసేది కాదు. లోపల మెట్టు చూపించింది. ముసుగు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. మామా రెండోసారి పిలిచింది, మూడోసారి పిలిచింది. రోడ్డు మీద బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. మా ఆవిడ లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. గ్లాసుతో కాదు, ఇంట్లో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద సీసాతో తెచ్చింది.